నిద్రకు పోయిన ఊరు

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం కడగని ఉన్నిలాగా ఉంది. మంచు చెట్ల తలల దాకా దిగి అక్కడే ఆగిపోయింది. తూర్పు ఏదో పడమర ఏదో తెలియలేదు. మందలో గొర్రెలు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడి ఉన్నాయి. వాటి వీపుల మీద తడి తెల్లగా పేరింది. చిన్నాయన జానయ్య కర్ర పట్టుకుని వచ్చి, రెండు రోజులు మంద తాను చూసుకుంటానని, ఇక ఆలస్యం చేయొద్దని చెప్పాడు. నేను గొంగడి కప్పుకున్నాను. ఆండాలు బట్టల మూట నెత్తిన పెట్టుకుంది. తలుపు దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టకుండానే బయలుదేరాం. ఆ ఇంట్లో ఎత్తుకుపోయేది ఏమీ లేదు.

మాది చివ్వెంల పక్కన చిన్న ఊరు. పోలీసు యాక్షన్ ఇంకా కాలేదు, దానికి ముందటి చలికాలం. ఆ ఏడు మా వైపు రాత్రిళ్ళు ఎవరూ ఇళ్ళల్లో పడుకోలేదు. రజాకార్లు వస్తున్నారని ఒకరంటారు, జీపు చప్పుడు విన్నామని ఇంకొకరంటారు. పొద్దు గూకగానే ఊరు ఊరంతా పిల్లలను చంకనేసుకుని జొన్న చేలల్లోకి పోయేది. వాళ్ళు వచ్చింది ఒక్కసారే. మేం చేలల్లో పడుకున్నది నెలా పదిహేను రోజులు. పుష్యమాసపు మంచులో మా రంగికి దగ్గు పట్టింది. దానికి నాలుగేళ్ళు. మూడో రోజుకు ఊపిరి అందక పక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోదామంటే రోడ్డుకు అడ్డంగా చెట్లు నరికి పడేసి ఉన్నాయి, బండి పోయే దారి లేదు. ఎత్తుకుని నడిచాను. ఆండాలు వెనక వస్తోంది. సగం దారిలో చేతుల్లో బరువు మారింది. గొర్రెపిల్లలను మోసి మోసి అలవాటైన చేతులు, ఆ తేడా వాటికి తెలుసు. ఆండాలుకు చెప్పకుండా ఇంకొంత దూరం నడిచి, ఒక తుమ్మచెట్టు కింద కూర్చున్నాను.

నాలుగు రోజులకు చెట్లు తీసేశారు. బస్సు తిరిగింది.

మూడో దినం అయిపోయినా ఆండాలు పడుకోలేదు. ఏడ్చి ఏడ్చి పడుకోకపోవడం వేరు. ఆమె ఏడవలేదు. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చునేది. ఒక్క రెప్ప పడితే ఉలిక్కిపడి లేచి, చేలోకి పోదాం పద అనేది. ఎనిమిదో రోజున వంగి బావిలోకి చూస్తూ ఉంటే నీళ్ళకు వచ్చినవాళ్ళు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. ఏం చూస్తున్నవని అడిగితే, ఏం లేదు, చల్లగుంది అన్నది. నేను గొర్రె నడక చూసి రోగం చెబుతాను. రోగం లోపలికి పోయిన గొర్రె మేత మానడానికి ముందు మంద మాను‌తుంది. ఒక్కతే పక్కకు పోయి నిలబడుతుంది. అట్లా నిలబడ్డదాన్ని ఒకటి రెండు రోజుల్లో మందలో కలపకపోతే ఇక కలపలేం. ఆండాలు అట్లా నిలబడింది.

ఆమెను నిద్రకు తీసుకుపోవాలని పెద్దవాళ్ళందరూ అన్నారు. చావు జరిగిన ఇంటివాళ్ళు దినం అయ్యాక దగ్గరి చుట్టం ఇంటికి పోయి రాత్రి పడుకుని వస్తారు. మా వైపు దాన్ని నిద్ర చేయడం అంటారు. ఆ ఇంటివాళ్ళు తెలిసి పిలవాలి, కాళ్ళకు నీళ్ళివ్వాలి. పోయేముందు బువ్వ పెట్టి, పక్కన కూర్చుని తామూ తినాలి. అప్పుడు చావు ఆ గడప దగ్గర మనల్ని వదిలిపోతుందని అంటారు. అందుకే ఆ ఇంట్లో నిండు చూలాలు గానీ, పచ్చి బాలింత గానీ ఉండకూడదు. వదిలినదానికి పట్టుకునేవాళ్ళు కనబడకూడదు.

నాకు ఒక్క అక్క, మిర్యాలగూడెం అవతల ఇచ్చాం. ఆ ఊరు నెల కిందటే ఖాళీ అయింది, వాళ్ళు ఎటు పోయారో కబురు లేదు. ఇక మిగిలింది కోదాడలో ఆండాలు అన్న లక్ష్మీనర్సయ్య ఇల్లు. అక్కడికే బయలుదేరాం.

సూర్యాపేట దాకా నడిచి బస్సెక్కాం. మధ్యలో యూనియన్ కింద ఉన్న మునగాల పరగణాలో మూడు రంగుల జెండా కనబడింది. కొంత దూరం పోగానే మళ్ళీ మా నిజాం సర్కారు జెండా వచ్చింది. ఆండాలు మూట ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా దాని కింద చెయ్యి పెట్టేది. బట్టల మూటకు అంత జాగ్రత్త ఎందుకని అనిపించింది గానీ అడగలేదు.

కోదాడ చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. లక్ష్మీనర్సయ్య ఇంటికి తాళం వేసి ఉంది. పెరట్లో బర్రె లేదు, గుంజకు పలుపు కూడా లేదు. పలుపు విప్పుకుపోయారంటే ఇప్పట్లో రారు. పక్కింటి సైదమ్మ గోడ మీదుగా చూసి, వాళ్ళు పోయి నాలుగు రోజులైందని, జగ్గయ్యపేట అవతల ఏదో క్యాంపులో ఉన్నారని విన్నానని, తామూ రేపో ఎల్లుండో పోతున్నామని చెప్పింది. ఎందుకు వచ్చారని అడిగింది. ఊరికే వచ్చినం అన్నాను. ఆండాలు తాళాన్ని ఒకసారి చేత్తో ఎత్తి చూసి వదిలింది. అది తలుపుకు కొట్టుకుని ఆగింది. ఆమె అరుగు మీద కూర్చుని, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, రోడ్డు వైపు చూడడం మొదలుపెట్టింది. మా ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుంది.

రోడ్డు మీద చింతపండు బస్తాల లారీ ఒకటి ఆగి ఉంది. క్లీనరు బెజవాడ, బెజవాడ అని కేకేస్తున్నాడు. బస్తాల మీద అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. అంతవరకు నా మనసులో బెజవాడ లేదు. ఆ పేరు విన్నాక కూడా ఆలోచించింది కొంచెమే.

"లే, బెజవాడ పోదాం" అన్నాను.

"గాడ మనకెవరున్నరు?"

"మైసయ్య మామ ఉన్నడు గద."

"ఆయిన గొర్లు కొనేటాయిన. సుట్టమెట్లైతడు?"

"మనోడే. మామా అని పిలుస్తలేనా? సుట్టమే అయితడు."

ఆమె నా మొహం చూసింది. నేను లారీ వైపు చూశాను.

మైసయ్య మా కులంవాడే. పుట్టింది మా పక్క ఊళ్ళో. ఇరవై ఏళ్ళ కింద బెజవాడ పోయి, అక్కడి పిల్లను చేసుకుని, అక్కడే ఉండిపోయాడు. ఏడాదికి రెండుసార్లు మిర్యాలగూడెం అంగడికి వచ్చి, మా ఊళ్ళు తిరిగి పొట్టేళ్ళు కొనుక్కుపోయేవాడు. ఎప్పుడైనా బెజవాడ రా అల్లుడా, పందిట్లో పడుకోబెట్టి బువ్వ పెడతా అనేవాడు. కార్తీకంలో వచ్చినప్పుడు ఇంకో మాట కూడా చెప్పాడు. కూతురు సుగుణ కాన్పుకు పుట్టింటికి వచ్చిందని, ఏడో నెల అని, పుష్యంలో తాతనైతానని మీసం దువ్వుకున్నాడు. ఆ మాట నాకు కోదాడలో క్లీనరు కేక వినగానే గుర్తొచ్చింది. వేళ్ళు మడిచి లెక్క కూడా చూశాను. అయినా ఆండాలుకు చెప్పలేదు. మూట అందుకుని బస్తాల మీదికి విసిరాను.

పాలేరు వాగు దగ్గర నాకాలో మా సర్కారు జవాన్లు లారీని ఆపి అందరినీ దింపారు. మూటలు విప్పమన్నారు. ఆండాలు విప్పలేదు. జవాను తానే లాక్కుని, ముడి విప్పి దులిపాడు. రెండు కోకలు, నా ధోవతి, జొన్నరొట్టెలు కట్టిన గుడ్డ పడ్డాయి. చివరికి ఒక చిన్న గొంగడి జారింది. రంగి గొంగడి. గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తిరించిన ఉన్ని ఏరి, ఆండాలు తానే వడికి, నేయించింది. చెయ్యి పెడితే కుందేలు వీపులా ఉండేది. అది రంగితోపాటు మట్టిలోకి పోయిందని అప్పటిదాకా నేను అనుకున్నాను. గుంతలో దించేటప్పుడు పైన కప్పింది నా పాత గొంగడి ముక్క అని ఆ రోజు చూసుకోలేదు. చచ్చినవాళ్ళ బట్ట ఇంట్లో పెట్టుకోకూడదు. ఆండాలు దాన్ని దుమ్ములోంచి తీసి, విదిలించి, మూటలో అడుగున పెట్టి కట్టింది. నా వైపు చూడలేదు.

వాగు దాటాక మంచు లేదు. నందిగామ దగ్గరికి వచ్చేసరికి గొంగడి ఒంటి మీద బరువైంది. తీసి మడిచి పెట్టుకున్నాను. బెజవాడలో దిగేసరికి దీపాలు పెట్టే వేళ. పుష్యమాసంలో జనం ఒంటి మీద చొక్కా లేకుండా తిరుగుతున్నారు. కొండరాళ్ళు పగలంతా కాగి, పొద్దు గూకాక కూడా వేడి విడుస్తున్నాయి. కాలవ గట్టు మీద కరెంటు దీపాలు వరుసగా వెలిగాయి. పూలు, వేయించిన పల్లీలు, రైలు పొగ, చేపలు, అన్ని వాసనలూ ఒక్కసారే వచ్చాయి. ఎవడో నా భుజం మీది గొంగడి చూసి, ఏం మావా, నీ ఒక్కడికే చలేసిందా అని నవ్వాడు. ఆండాలు వీధి రెండు పక్కలా చూస్తూ నడుస్తోంది. ఏం చూస్తున్నదో కొంతసేపటికి గానీ నాకు తెలియలేదు. తలుపులు చూస్తోంది. అన్నీ తెరిచే ఉన్నాయి.

మైసయ్య ఇల్లు కాలవ పక్క సందులో, రెండు గదుల పెంకుటిల్లు. ముందు పందిరి, పక్కన పొట్టేళ్ళను కట్టే దడి. మమ్మల్ని చూసి ఆయన నిజంగానే సంతోషపడ్డాడు. చెంబుతో నీళ్ళు తానే తెచ్చి కాళ్ళ ముందు పెట్టాడు. గీ చలికి ఆడికంటె గీడనే బాగుంటదని, రెండు రోజులు ఊరు చూపించి పంపుతానని అన్నాడు. ఊళ్ళ సంగతి అడిగాడు. చెప్పాను. పిల్లలెంతమంది అని అడగలేదు. మగవాళ్ళు అడగరు. గొర్రెలెన్ని అని అడిగాడు.

అప్పుడు లోపలినుంచి సుగుణ వచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయి. నడుముకు చెయ్యి ఆనించి, పొట్ట ముందు పెట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ నడుస్తోంది. ఆ నడక చూస్తే కాన్పుకు ఇంకో వారం కూడా లేదు. కాళ్ళు కడుక్కుంటున్న ఆండాలు చేతిలో చెంబు ఆగిపోయింది. నీళ్ళు కారిపోయి ఆమె కోక అంచు తడిసింది. మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపు ఇప్పటికీ చెప్పలేను. నేను వంగి నా కాళ్ళు కడుక్కున్నాను.

మైసయ్య భార్య పుష్పమ్మ చురుకైన మనిషి, మాట ఆగదు. దారిలో దుమ్ము పట్టి ఉంటుందని, బట్టలు దండెం మీద వేస్తానని, మూట తీసుకుని విప్పింది. చిన్న గొంగడి చేతికి వచ్చింది. దాన్ని చెంపకు ఆనించుకుంది.

"ఇదెంత మెత్తగా ఉందే. ఎవరికమ్మాయ్ ఇది? నీకు పిల్లలెందరు?"

ఆండాలు నోరు తెరిచింది. ఆమె ఏం చెప్పబోతున్నదో నాకు తెలుసు. చెబితే ఆ పూటే మేం సందులోకి పోవాలి. మళ్ళీ గోడ, మళ్ళీ తలుపు, మళ్ళీ బావి.

"సుగుణమ్మ బిడ్డకే అత్తా" అన్నాను. "కార్తీకంల మామ చెప్పిండు గద. మీకే తెచ్చినం."

పుష్పమ్మ సంతోషంగా దాన్ని కూతురికి ఇచ్చింది. సుగుణ అక్కడే పందిట్లో కూర్చుని, కాళ్ళు చాచి, దాన్ని పొట్ట మీద పరుచుకుని నిమిరింది. బిడ్డ పుట్టగానే ఇందులోనే చుడతాను అంది. మైసయ్య నా వీపు తట్టాడు.

ఆ రాత్రి ఆండాలు పడుకుంది. నేను ఆశపడి వచ్చిందీ దానికే. మందు పెట్టిన మనిషిలా పడుకుంది. ఆడవాళ్ళు లోపలి గదిలో, సుగుణ పక్కన ఈమె. తలుపు తెరిచే ఉంది. పందిట్లోంచి నాకు ఆమె పాదాలు కనబడుతున్నాయి. వీధిలో ఒక రిక్షా పోయినా, రైలు కూత వేసినా, ఆ పాదాలు కదలలేదు. పదకొండు రోజుల నిద్ర. నేను సంతోషపడాలి. సుగుణ మాత్రం అటు ఇటు దొర్లుతూ, నడుము పట్టుకుని మూలుగుతూ ఉంది. ఆమె మూలిగిన ప్రతిసారీ నేను లేచి కూర్చున్నాను.

శనివారం మైసయ్య మాకు ఊరు చూపించాడు. ముందు కృష్ణలో స్నానం చేశాం. ఆనకట్ట మీదుగా నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. చలికాలపు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని చెబితే మా ఊళ్ళో నమ్మరు. కొండ ఎక్కి అమ్మవారిని చూసి దిగాం. అంగట్లో వేడి బజ్జీలు తిన్నాం, గోలీసోడా తాగాం. ఒక పార్కులో స్తంభానికి కట్టిన డబ్బా పాట పాడుతోంది, దాని చుట్టూ జనం కూర్చుని ఉన్నారు. మా వైపునుంచి వచ్చినవాళ్ళు అక్కడక్కడా కనబడ్డారు. గొంగడి భుజాన ఉన్నా లేకపోయినా వాళ్ళను పోల్చుకోవచ్చు. ఎక్కడ కూర్చున్నా గోడకు వీపు ఆనించి కూర్చుంటారు.

మధ్యాహ్నం కాలవ గట్టు మీద ఆగాం. బియ్యపు బస్తాలు మోసే హమాలీలు పని ఆపి, ఆ బస్తాల మీదే నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఒకడి కాలు నీళ్ళలోకి వేలాడుతోంది. ఆండాలు వాళ్ళను చాలాసేపు చూసింది.

"గీ ఊర్లె ఎవ్వలు భయపడరా?" అంది.

"భయపడనీకి ఏముంది గీడ" అన్నాడు మైసయ్య.

"మమ్ములను సూసి గూడ భయపడరా?"

ఆయన నవ్వాడు. మీ ఆడమనిషి నవ్వించేటట్టే ఉంది అల్లుడా అన్నాడు. నేనూ నవ్వినట్టు చేశాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సుగుణ గడపలో కూర్చుని, చిన్న గొంగడికి అంచు చుట్టూ ఎర్రగుడ్డ పట్టీ కుడుతోంది. ఒక పక్క అయిపోయింది, రెండో పక్క సగం దాకా వచ్చింది. పాపకు గుచ్చుకోకుండా అని చెప్పింది. పొద్దున్నించి నడుము లాగుతోందని, అమ్మకు చెబితే భయపడుతుందని, ఆండాలుకు మాత్రం రహస్యంగా చెప్పింది. ఆండాలు ఆ పిల్ల నడుము మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. తీసుకున్న చెయ్యిని కొంగులో దాచుకుంది. నేను చూశాను.

బువ్వలయ్యాక పెరటి వాకిట్లో ఆమె నన్ను ఆపింది.

"నీకు ఎర్కనేనా, గీడ నిండు సూలాలు ఉన్నట్టు?"

అవునన్నాను.

"నాకు చెప్తె నేను రాకపోదును."

"అందుకే చెప్పలే. నువ్వు పండుకోవాలె గద."

"పండుకున్న" అంది ఆమె. "గా పిల్ల నిద్ర గుంజుకొని పండుకున్న."

లోపలికి పోయింది. ఆ రాత్రి ఆమె సుగుణ గదిలో పడుకోలేదు. ఉక్కగా ఉందని చెప్పి, దడి పక్కన, పొట్టేళ్ళ దగ్గర గోడకు వీపు ఆనించి కూర్చుంది. పడుకుంటావా అని అడిగే హక్కు నాకు పోయింది.

ఆదివారం పొద్దున ఎండ అప్పుడే పందిట్లోకి వచ్చింది. పుష్పమ్మ కూతురికి తల దువ్వుతోంది. మైసయ్య పొట్టేళ్ళకు నీళ్ళు పెడుతున్నాడు. ఆండాలు మొహం కడుక్కుని, కొప్పు ముడిచి, వచ్చి పుష్పమ్మ ముందు నిలబడింది. కూర్చోలేదు.

"అత్తా, గా గొంగడి నా బిడ్డది" అంది. "నా బిడ్డ పన్నెండు దినాల కింద పోయింది. మేము నిద్రకు వచ్చినం. మీకు చెప్పకుంట మీ ఇంట్ల నిద్ర చేసినం."

దువ్వెన పుష్పమ్మ చేతిలోనే ఉండిపోయింది. మొదట ఆమెకు సగమే అర్థమైంది. నిద్ర అంటే వాళ్ళ వైపు తెలియదు. కానీ పోయింది అన్న మాట తెలుసు, బిడ్డది అన్న మాట తెలుసు. సుగుణ ఒళ్ళో గొంగడి చూసింది. కూతురి రెక్క పట్టుకుని లేపి, దొడ్డిదారిన పక్కింటికి తీసుకుపోయింది. గొంగడి నేల మీద పడిపోయింది. ఆమె తిరిగి వచ్చి, మాట్లాడకుండా, పసుపునీళ్ళు కలిపి గది, గడప, పందిరి అన్నీ చల్లింది. మా కాళ్ళ దగ్గరికి వచ్చాక పక్కనుంచి తప్పుకుని చల్లింది. నిన్నటిదాకా ఆగని నోరు అది. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

మైసయ్య బాల్చీ కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. ఆయనకు వివరం చెప్పనక్కరలేదు. పుట్టింది మా వైపే.

"కార్తీకంల నీకు నేను చెప్పలేదా బిక్షం?"

"చెప్పినవ్ మామా."

"యాది మర్చినవా?"

"మర్వలే."

ఆయన నా మొహం చూశాడు. అల్లుడా అనలేదు, పేరు పెట్టి పిలిచాడని అప్పుడు తెలిసింది. తర్వాత ఆండాలు వైపు చూశాడు. ఆమె కూర్చుని, నేల మీది గొంగడి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుట్టడం సగంలో ఆగిన చోట సూది వేలాడుతోంది, ఎర్రదారం ఇంకా జానెడు ఉంది. ఆమె దారాన్ని పంటితో కొరికింది. కుట్టిన పట్టీ మొత్తం కుట్టు కుట్టూ విప్పింది. గుడ్డ పట్టీ మడిచి, సూది దానికి గుచ్చి, పుష్పమ్మకు ఇవ్వబోయింది. పుష్పమ్మ చెయ్యి చాచలేదు. ఆండాలు దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. పోయేటప్పుడు గొంగడిని కృష్ణలో వదిలిపొమ్మని మైసయ్య మెల్లగా చెప్పాడు. ఆమె తల ఊపింది.

నేను మూట కట్టాను. పుష్పమ్మ మా వైపు చూడకుండా, ఇక బయలుదేరమని మొగుడితో అంది. ఆయన అడ్డం చెప్పాడు. తెలిసి వచ్చారో తెలియక వచ్చారో, నిద్రకు వచ్చినవాళ్ళను బువ్వ పెట్టకుండా పంపితే వాళ్ళ వెంట వచ్చిన చావు పోదని, ఇక్కడే ఉంటుందని అన్నాడు. ఇద్దరూ లోపల చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఆమె ఏడవడం వినబడింది. తర్వాత పొయ్యి రాజేసిన చప్పుడు వినబడింది.

మైసయ్య ఆ తర్వాత మా వైపు రాలేదు. కొన్నాళ్ళకు నాకాలు మూశారు, తర్వాత మిలిటరీ వచ్చింది, తర్వాత అన్నీ మారాయి. మిర్యాలగూడెం అంగట్లో బెజవాడ వ్యాపారులు మళ్ళీ కనబడసాగారు. అందులో ఆయన లేడు. సుగుణ కాన్పు ఎట్లా అయిందో మాకు తెలియదు. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆండాలు ప్రతి ఏడూ అంగడినుంచి రాగానే, ఏమన్న తెలిసిందా అని అడిగేది. ఎవరూ కలవలేదని చెప్పేవాణ్ణి. కలిసినా నేను అడగలేదు. ఆమె ఆ మాట నమ్మలేదని కూడా నాకు తెలుసు. రాత్రిళ్ళు ఆమె పడుకునేది గానీ, ఆ బెజవాడ రాత్రి పడుకున్నట్టు మళ్ళీ ఎప్పుడూ పడుకోలేదు.

ఆ ఆదివారం పొద్దున బువ్వ ఇంట్లో పెట్టలేదు. దడి పక్కన, పొట్టేళ్ళను కట్టే చోట, ఆండాలు రాత్రంతా కూర్చున్న గోడ దగ్గర మైసయ్య తానే ఊడ్చి నీళ్ళు చల్లాడు. మూడు విస్తళ్ళు వేశాడు. పుష్పమ్మ కుండ, చారు గిన్నె తెచ్చి అంత దూరంలో పెట్టి, వెనక్కి పోయి పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. ఆయన వడ్డించాడు. వేడి అన్నం, పప్పు, వంకాయ కూర. వడ్డించి మా ఎదురుగా తన విస్తరి ముందు కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని, కలిపి, మొదటి ముద్ద తానే నోట్లో పెట్టుకున్నాడు. అది మింగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. మింగాక ఆండాలు తింది. ఆమె తిన్నాక నేను తిన్నాను. ఆయన కుండ వైపు చెయ్యి చాచి, అడగకుండానే ఆమె విస్తట్లో ఇంకొంత అన్నం వేశాడు. ఆమె వద్దనలేదు. పొట్టేళ్ళు నెమరు వేస్తున్నాయి. పక్కింట్లో సుగుణ ఒకసారి మూలిగింది. ముగ్గురి చేతులూ ఆగాయి. మళ్ళీ ఏమీ వినబడలేదు. తలలు వంచుకుని, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాం.